చేంతాడు దించిన చేయి

"అమ్మబిడ్డా! ఓ అమ్మబిడ్డా! నీ మీద శాంతి కురియుగాక!"

ఊరి గోడ అవతల నుంచి ఎవరో పిలుస్తున్నారు. గిలక మీద చేంతాడు సర్దుతున్న తబిత చేతులు అలాగే ఆగిపోయాయి. గొంతు ముసలిది, ఎండకి బీటలు వారినట్టుంది. కానీ ఆ పిలుపులో ఎంత ఆపేక్ష ఉందంటే, ఎన్నో ఏళ్ళకి వీధి చివర కనిపించిన సొంత మనిషిని పిలిచినట్టుంది.

యాస మాత్రం పరాయిది. పరాయివాళ్ళు ఆ పేరు ఎందుకు పిలుస్తారు?

ఇసుక తప్ప ఇంకేమీ లేని ఆ దారిలో ఆ ఊరికి ఉన్నది ఒక్కటే బావి. దాన్ని ఏనాడో ఒకాయన తవ్వాడు. ఆయనకి తండ్రి పేరు లేదు. తల్లి పేరుతోనే లోకం ఆయన్ని ఎరిగింది. అందుకే అమ్మబిడ్డ అన్నారు. చేద దించే ముందు బావిలోకి వంగి ఆ పేరు పిలవాలి, బావి తిరిగి పలికాకే తాడు వదలాలి. అది అక్కడి ఆచారం. పలికిన తీరుని బట్టి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తబిత చెప్పేసేది. నీళ్ళు నిండుగా ఉన్న రోజున బావి పక్కింటావిడలా దగ్గర్నుంచి పలికేది. తగ్గిన రోజున ఎక్కడో పొలిమేర అవతల నుంచి పలికినట్టుండేది.

అదే దారిలో ఇంకా బావులున్నాయి. ఓడ కట్టినవాడి బావి, నిప్పుల్లోంచి నడిచి వచ్చినవాడి బావి, చేతికర్రవాడి బావి. ఏ ఊరికి ఆ ఊరి నీళ్ళే నీళ్ళు. మిగతావన్నీ ఉప్పన. ఒకరి బావి నీళ్ళు ఇంకొకరు నోట పోసుకున్న పాపాన పోలేదు, అయినా అందరి నీళ్ళ రుచీ అందరికీ తెలుసు.

తబిత చేతికి ఈ చేంతాడు వచ్చింది ఒక కరువు ఏడాదిలో. అప్పుడు బావి అడుగంటి బురదే మిగిలింది. ఆమె కూతురు రిబ్కా పసిపిల్ల, నాలుక పిడచకట్టి కళ్ళు తేలేసింది. మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ తబిత పిల్లని ఎత్తుకుని ఇల్లు దాటింది. పొద్దు వాలేసరికి నిండు కూజాతో బావి గట్టు మీద కూర్చుని ఉంది, పిల్ల ఒళ్ళో నవ్వుతోంది. ఎక్కడివమ్మా ఈ నీళ్ళు అని అడిగితే, అమ్మబిడ్డ ఇచ్చాడు అంది. ఊరు ఊరంతా ఏడ్చింది. ఆమె కూర్చున్న చోట ఒక తెల్లరాయి పాతారు. ఆ తర్వాత వాన పడింది, బావి నిండింది, తాడు తబితకి అప్పగించారు.

పొద్దున్నే అందరూ ఆ రాయిని ముట్టుకుని కళ్ళకి అద్దుకునేవారు. తబిత మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. అంత భక్తి ఆవిడది అని చెప్పుకునేవారు.

ఇవాళ ఆ పిలుపు విని ఆమె గబగబా గోడ మెట్లెక్కింది. కింద కొంతమంది నిలబడి ఉన్నారు. ఒంటెలు లేవు, గుడారాలు లేవు. ఆడవాళ్ళ కొంగుల్లో పిల్లలు వాడిన పూలదండల్లా వేలాడుతున్నారు. అందరికంటే ముందు ఒక ముసలావిడ గోడకి చెంప ఆనించి, అవతల బావి ఉందన్న నమ్మకంతోనే పిలుస్తోంది. ఆమె పేరు ఉమైమా అని తర్వాత తెలిసింది.

వాళ్ళ వెనకే దూరంగా దుమ్ము లేచింది. మంచి జీను వేసిన ఒంటెలు, వాటి మీద తరుముకొస్తున్న మనుషులు.

ఊరి పెద్దాయన రెండు గుంపులవాళ్ళనీ బావి దగ్గరికే రప్పించాడు. ఏ తగువైనా అక్కడే తేలాలి, నీళ్ళు వింటుండగా అబద్ధం ఆడకూడదని ఆ ఊరి నమ్మకం.

తరిమి వచ్చినవాడు వర్తకుడు. నున్నని గడ్డం, నవ్వు మొహం. ముందుగా ఒక కొత్త తోలుచేద తెచ్చి పెద్దాయన కాళ్ళ దగ్గర పెట్టాడు. ఎర్రగా మెరుస్తోంది, ఇంకా తోలు వాసన పోలేదు. ఊరి చేద చూస్తే అతుకుల మీద అతుకులు, పైకి వచ్చేసరికి సగం నీళ్ళు కారిపోయేవి. జనం కళ్ళన్నీ ఎర్రచేద మీదే ఉన్నాయి.

అతను మర్యాదగానే చెప్పాడు. వీళ్ళంతా మా ఊరివాళ్ళు, మతి చెడి పారిపోయి వచ్చారు, మాకు అప్పగించండి అన్నాడు. మా ఊళ్ళో తాతల నాటి నుంచి నీళ్ళు రంగుకుండల్లో పోసి అమ్ముకుంటాం, అదే మా బతుకు అన్నాడు. అమ్మా నాన్నా లేకుండా గొర్రెలు కాసి పెరిగిన ఒకడు లేచి, నీళ్ళు ఎవరి సొత్తూ కాదు, పంపినవాడు ఒక్కడే అన్నాడని, ఒక బావి కూడా తవ్వాడని, వీళ్ళు కుండలు వదిలేసి ఆ బావి చుట్టూ చేరారని చెప్పాడు.

ఉమైమా అతన్ని తేరిపార చూసింది.

"ఒరే అబ్బాయ్, నువ్వు భూమ్మీద పడ్డప్పుడు బొడ్డు కోసి స్నానం పోసింది నేనేరా. ఆ రోజు గుక్క తిప్పుకోకుండా ఏడ్చావు. ఇప్పుడు ఎంత తియ్యగా మాట్లాడుతున్నావు!"

జనం గొల్లుమన్నారు. వర్తకుడు కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. కానీ అతను తెలివైనవాడు, నవ్వుతూనే తన దగ్గరున్న అసలు దెబ్బ తీశాడు.

"అయ్యా, మీరు అమ్మబిడ్డని ఏమనుకుంటారో నాకు తెలుసు. వీళ్ళు ఏమంటారో ఒక్కసారి అడగండి, చాలు."

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో ఊయల్లో పిల్లకి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. అమ్మబిడ్డ బావి తవ్వి వెళ్ళిపోలేదు, ఆయనే నీరై అందులో దిగాడు. వాళ్ళు రోజూ తాగేది ఆయన్నే. పెద్దాయన ఆ మాటే ఉమైమాని అడిగాడు.

ఆమె వెనక ఒక పిల్లతల్లి ఆమె ముసుగు పట్టుకు లాగింది. భుజం మీద బిడ్డ మూలుగు కూడా మానేశాడు. వాళ్ళకి నచ్చేలా ఒక్క మాట అనెయ్యమ్మా, వీడు తాగాక నిజం చెబుదువుగాని అని గొణిగింది. అది పక్కనే ఉన్న తబితకి వినపడింది. చేతిలో తాడు ఒక్కసారి బరువెక్కింది.

ఉమైమా ఆ బిడ్డని చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మండుటెండలో అవి ఎక్కడ దాచుకుందో.

"నీళ్ళ కోసం ఆయన పేరు మీద అబద్ధం ఆడి, ఆ నీళ్ళే తాగుతూ ఆయనకి నా మొహం ఎలా చూపించనమ్మా?" అంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. "అయ్యా, అమ్మబిడ్డ నీరు కాదు. తవ్వినవాడు. ఎంత గొప్పగా తవ్వాడంటే, ఆయన చెయ్యి తగిలితే రాయికి కూడా చెమ్మ పట్టేది. ఆయన తల్లి అంత స్వచ్ఛమైన తల్లి ఈ భూమ్మీద లేదు. కానీ నీటిని పంపినవాడు వేరు. ఆయన్నీ పంపింది వాడే."

పెద్దాయన మొహం వాడిపోయింది. ఎవరో మనసులో చెయ్యిపెట్టి ఒక దీపాన్ని పక్కకి జరిపినట్టు చూశాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వర్తకుడు ఒంటె పగ్గం చేతిలోకి తీసుకున్నాడు.

మరి మీకు మీ బావి తవ్వినవాడు ఉండగా, ఎండలో నిలబడి మా ఆయన పేరు ఎందుకు పిలిచావని పెద్దాయన అడిగాడు.

బావులు తవ్వినవాళ్ళలో ఆఖరివాడు, మా ఊరి ఆయన, మాకు అలాగే నేర్పాడయ్యా అని చెప్పింది ఉమైమా. నేను కొత్త నీళ్ళు తేలేదు, నాకు ముందు తవ్వినవాళ్ళంతా నా అన్నదమ్ములు, వాళ్ళు తవ్విన జల ఒక్కటే అన్నాడట. చేద దించే ముందు ఓడ కట్టినవాడికి, నిప్పుల్లో నడిచినవాడికి, చేతికర్రవాడికి, అమ్మబిడ్డకి, అందరికీ శాంతి చెప్పమన్నాడట. వాళ్ళలో ఒక్కరిని కాదన్నా నా నీళ్ళు మీ గొంతు దిగవు అన్నాడట. ఆమె చెబుతుంటే వెనకున్న వాళ్ళంతా పెదాలు కదుపుతున్నారు. ఒక్కో పేరుకి ఒక్కో శాంతి. తడి లేని నోళ్ళతో ఆ పేర్లని చప్పరిస్తున్నట్టుంది. అమ్మబిడ్డ పేరు వచ్చినప్పుడు ఆ పిల్లతల్లి కళ్ళు మూసుకుంది.

తబిత రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ పేరు పిలిచేది. ఏనాడూ అలా పిలవలేదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది.

పెద్దాయన చెడ్డవాడు కాదు. ఎర్రచేద వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి ఉమైమా వైపు తిరిగాడు.

"నాకు నచ్చే మాట చెప్పలేదు నువ్వు. నమ్మిన మాట చెప్పావు. అది చూశాను. కానీ అన్ని బావుల జలా ఒక్కటే అన్నావు చూడూ, అది నీ దాహం అంటున్న మాట కావచ్చు. మా ఊళ్ళో ఎవరైనా రెండు బావుల నీళ్ళూ తాగి ఉంటే, ఆ నోటితో చెప్పమను. అప్పుడు ఈ తాడు మీకు దిగుతుంది. లేదంటే ఊరి తలుపు తీయించి మిమ్మల్ని ఇతనికి అప్పగించక తప్పదు."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది జరగని పని. ఉమైమా తల దించుకుంది. వర్తకుడు నిట్టూర్చాడు, గెలిచినవాడి నిట్టూర్పులా లేదది. ఆ బొడ్డు కోసిన చేతులనే కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.

తబిత కూతురు వైపు చూసింది. రిబ్కా ఇప్పుడు నిలువెత్తు పిల్ల, బుగ్గల నిండా రక్తంతో తెల్లరాయి పక్కనే నిలబడి ఉంది. ఆ రాయి అక్కడ ఉన్నంతకాలమే తాడు తబితది. ఊళ్ళో తలెత్తుకు తిరగడం, పండగలో ముందు వరస, రిబ్కా పెళ్ళి మాటలు, అన్నీ ఆ రాయి మీదే నిలబడి ఉన్నాయి.

ఇటు చూస్తే పిల్లతల్లి భుజం మీద బిడ్డ. కళ్ళు తేలేస్తున్నాడు. ఆ చూపు తబితకి తెలుసు.

ఆమె బావి మీదకి వంగింది. గుండె నిండా గాలి పీల్చుకుని పిలిచింది.

"చేతికర్రవాడా! నీ మీద శాంతి కురియుగాక!"

జనం కొయ్యబారిపోయారు. ఆ బావిలోకి ఇంకో పేరు వెళ్ళడం పుట్టి బుద్ధెరిగి ఎవరూ వినలేదు. బావి ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత పలికింది. ఎప్పటిలాగే, పక్కింటావిడలా, దగ్గర్నుంచి.

తబిత అతుకుల చేద దించింది. గిలక కీచుమంది.

"తబితమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు పెద్దాయన.

చేద నీళ్ళని తాకిన చప్పుడు వినిపించేదాకా ఆమె ఆగింది. తాడు లాగుతూనే, తల ఎత్తకుండా మాట్లాడింది.

"పెద్దయ్యా, కరువులో నాకు అమ్మబిడ్డ ఇక్కడ నీళ్ళివ్వలేదు. నేను రిబ్కాని ఎత్తుకుని చేతికర్రవాడి బావికి పరిగెత్తాను. అక్కడ ఒకావిడ తాడు పట్టుకుని ఉంది. నాది ఏ బావి అని అడగలేదు. మొహం కూడా సరిగా చూడలేదు. మా ఆయనకి శాంతి చెప్పి తాగమ్మా అని చేద దించింది. నా బిడ్డ ఆ నీళ్ళతో బతికింది. కూజా నింపింది కూడా ఆవిడే. మన రాయి పాతాల్సింది ఆవిడ కాళ్ళ దగ్గర. ఆ నీళ్ళు ఉప్పన కాదు పెద్దయ్యా, ఇవే నీళ్ళు. అప్పుడు దాహంలో, భయంలో, ఆ పేరు నా నోట రాలేదు. చెప్పకుండానే తాగేశాను. ఇదిగో, ఇవాళ చెప్పాను."