ఒంటికి పట్టిన పర్సనాలిటీ

అనగనగా ఒక ఊళ్ళో రాజు లేడు, రాణీ లేదు, పంతులమ్మల్ని తయారుచేసే బడి ఒకటుంది. ముందు ముక్కు తుడుచుకో, అప్పుడు చెప్తాను. ఇవాళ మీ క్లాసులో నోరు విప్పవని నిన్ను ముంగి అన్నారని నాకు తెలిసింది. అన్నవాళ్ళ సంగతి రేపు చూస్తాను. ఇప్పుడు కథ విను.

ఆ బడికి చాలా దూరంగా, కాలవగట్టు పక్కన పల్లెలో ఒక పిల్ల. పేరు నూకరత్నం. ఇంకెవరో కాదు, మీ పెద్దమ్మ కూతురే, నీకు అక్క. ఆ పిల్లకి ఒక అమ్మమ్మ. ఆవిడ పేరు చెప్పక్కర్లేదు, నీ పక్కనే పడుకుని ఉంది.

రత్నానికి పంతులమ్మ అవ్వాలని కోరిక. అదొక్కటే. చీర అడగలేదు, సినిమా అడగలేదు. చిన్నప్పుడు కోళ్ళగూటి తలుపు మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి కోళ్ళకి పాఠం చెప్పేది. అరిచి కాదు, గుసగుసగా. కోళ్ళు తల వంచి వినేవి. మా కోళ్ళకున్న మర్యాద ఎంతమందికుంది?

బాగా చదివింది. మార్కులు చూసి ఆ బడివాళ్ళు రమ్మని కబురు పెట్టారు. అయితే ఊరికే చేర్చుకోరట. కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారట. అప్పుడు రత్నం రెండు జడలు గట్టిగా బిగించుకుని బస్సెక్కింది.

బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్ద మేడం. ఆవిడ పేరు నేను పలకను. పలికితే నోరు పుక్కిలించుకోవాలి. ఇటుపక్క ఒక మాస్టారు. అటుపక్క ఇంకొకాయన, ఆయన టీ తాగడానికే వచ్చాడు.

"నీ స్వభావం ఎలాంటిదమ్మా?" అని మేడం మొదటి ప్రశ్న వేసింది.

"నిదానం అండి" అంది రత్నం.

ఇంకా ఏదో చెప్తుందని వాళ్ళు చూస్తూ కూర్చున్నారు. అది చెప్పేసింది కదా. ఇంకేం చెప్తుంది?

అప్పుడు మాస్టారు రెండో ప్రశ్న వేశాడు. "నీకు స్నేహితులు ఎంతమంది?"

"ఒకటిన్నర అండి."

"అర ఏమిటి?"

"జమీలా పూర్తి స్నేహితురాలండి. మంగతాయారుతో ఇంకా కుదురుతోంది."

మాస్టారు కిసుక్కున నవ్వాడు. ఎందుకూ నవ్వు? పిల్ల నిజం చెప్పింది. దీనికంటే ముందు వెళ్ళిన పిల్ల తనకి వందమంది స్నేహితులని చెప్పిందట. దానికి జ్వరమొచ్చి పడుకుంటే ఆ వందలో గంజి కాచేది ఎవరో చూద్దాం అన్నాను. ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత మేడమే మూడో ప్రశ్న వేసింది. "సాయంత్రం ఎలా గడిస్తే నీకు హాయిగా ఉంటుంది?"

తక్కిన పిల్లలు ఏం చెప్పారో తెలుసా? ఒకతె బీచి అంది. ఒకతె కేకులు, పాటలు, డాన్సులు అంది. మన పిల్ల ఏమందో విను.

"పెరట్లో మెట్టు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తియ్యాలండి. పక్కన ఒక మనిషి ఉండాలి. ఇద్దరం మాట్లాడుకోకూడదు. కాయలు కనపడనంత చీకటి పడ్డాక లేవాలి."

"మాట్లాడనప్పుడు మనిషి ఎందుకమ్మా?"

"ఉండడానికండి."

అంత చక్కటి మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ అని ఉండరు. మేడం చెవికి అది ఎక్కలేదు. "పర్సనాలిటీ చాలదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అని పంపేసింది.

పిల్ల ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగింది. "ఏమన్నారే?" అన్నాను. "పర్సనాలిటీ చాలదన్నారు అమ్మమ్మా" అంది. ఆ రోజు మరో మాట లేదు, తక్కినదంతా తర్వాత ఒక్కొక్క ముక్కే దాని నోట్లోంచి లాగాను. గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పర్సనాలిటీ అంటే నాకు తెలీదా? మన రైసుమిల్లు వీరభద్రం లేడూ, గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాలి, ఆయన్ని చూసినప్పుడల్లా ఊరంతా "అబ్బ, ఏం పర్సనాలిటీ" అంటారు కదా. అంటే ఆ మేడం అన్నదేమిటి? నేను పిల్లకి కడుపునిండా పెట్టడం లేదని. నా వంటింటిని అంది. మా అత్తగారు అనని మాట లేదు, ఆవిడ కూడా ఆ మాట అనలేదు.

అప్పుడు మొదలెట్టాను. మొదట సున్నుండలు. మినుములు దోరగా వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం కలిపి, చేతికి కారేటంత నెయ్యి పోసి చుట్టాను. ఆ తర్వాత గేదె పాలతో గడ్డ పెరుగు, మీగడ తియ్యకుండా. ఆ తర్వాత నాటుకోడి పులుసు. పాఠాలు విన్న కోళ్ళే, ఏం చేస్తాం.

పక్కింటి అచ్చియ్యమ్మ గోడమీంచి చూసింది. "ఏంటి పిన్నీ, పిల్లని పందేనికి పెంచుతున్నావా?" అంది.

"సీటుకి పెంచుతున్నానే. నీ కోడలికి పెట్టినట్టు కొలిచి పెట్టడం నాకు రాదు" అన్నాను. అప్పట్నుంచీ అచ్చియ్యమ్మ నాతో మాట్లాడదు. నేనూ మాట్లాడను.

రత్నం మాత్రం పెట్టింది పెట్టినట్టు తిన్నది. జాకెట్ల కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. బుగ్గలు నిండాయి. చేతులు పొత్రాల్లా తయారయ్యాయి. చూస్తే నా కళ్ళు చల్లబడ్డాయి.

ఏడాది తిరిగింది. మళ్ళీ పిలిచారు. ఈసారి నేనూ బస్సెక్కాను. గుమ్మం దగ్గర బంట్రోతు "పిల్ల ఒక్కతే వెళ్ళాలి" అన్నాడు. "పెట్టింది నేను, చూపించేదీ నేనే" అని లోపలికి నడిచాను.

అదే బల్ల, అదే ముగ్గురు. నేను పిల్ల జబ్బ పట్టుకుని ముందుకు తెచ్చాను. "పోయినేడు పర్సనాలిటీ చాలదని పంపేశారు. ఇదిగో, చూసుకోండి. ఇంకెంత కావాలో అదీ చెప్పండి" అన్నాను.

మేడం నవ్వింది. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. మాస్టారు బల్ల చరిచి నవ్వాడు. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, ఆ నవ్వు నా మీదేనని మాత్రం తెలిసింది.

అప్పుడు రత్నం ఒక అడుగు ముందుకేసింది.

"నవ్వకండి" అంది. గట్టిగా కాదు. కోళ్ళకి చెప్పినట్టే. వాళ్ళు ఆపేశారు.

"పర్సనాలిటీ అంటే మా అమ్మమ్మ ఒంటి పుష్టి అనుకుంది. మీరు గలగలా మాట్లాడ్డం అనుకున్నారు. తప్పు ఇద్దరిదీ. కాకపోతే చాలలేదంటే ఆవిడ ఏడాదంతా పెట్టింది. మీరు చాలలేదని చెప్పి బయటికి పంపారు. రేపు నా క్లాసులో ఒక పిల్ల పలకకపోతే నేను ఎవరిలా ఉండాలండి? మీలాగా, ఈవిడలాగా?"

నా చెయ్యి దాని జబ్బ మీదే ఉంది. పట్టుకుంటే బండరాయి.

టీ తాగే ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఈ పిల్లకి సీటు పోయినేడే ఇవ్వాల్సింది" అన్నాడు.

"పోయినేడు నోట్లో టీ ఉందా నాయనా?" అన్నాను. ఆయన మళ్ళీ గ్లాసు అందుకున్నాడు.

ఆ తర్వాత మేడం కళ్ళజోడు పెట్టుకుని, "చూశారా, ఇప్పుడొచ్చింది పర్సనాలిటీ. సీటు ఇస్తున్నాం" అంది.

వచ్చిందట. ఇప్పుడొచ్చిందట. బస్సులో వచ్చిందా, నెయ్యిలో వచ్చిందా? పుట్టినప్పట్నుంచీ అది ఉన్న పిల్లని కాదన్నారు, ఒక్క నిమిషం నోరు విప్పితే అవునన్నారు. "ఈ సీటు మనకొద్దు, పదవే" అన్నాను.

రత్నం కదల్లేదు. "కోపం నీది అమ్మమ్మా, నువ్వు ఉంచుకో. సీటు నాది, నేను తీసుకుంటాను" అంది.

తీసుకుంది. నేను కోపం ఉంచుకున్నాను. ఆ మేడం కాఫీ తెప్పిస్తే ముట్టుకోలేదు. ఆ గుమ్మంలో మంచినీళ్ళు కూడా తాగలేదు.

బయటికొచ్చాక అడిగాను. "ఆ మాటకి అర్థం తెలిసి కూడా ఏడాదంతా ఎందుకు తిన్నావే?"

"నువ్వు పెట్టావు కదా" అంది. అంతే.

ఆ తర్వాత బడి తెరిచారు. మొదటి రోజే పిల్లలందర్నీ చెట్ల కింద కూర్చోబెట్టి, పెద్ద మేడం మైకు పట్టుకుంది. "మన నూకరత్నం ఎంత బాగా మాట్లాడుతుందో మీకు తెలీదు. రా అమ్మా, వచ్చి నాలుగు మాటలు చెప్పు" అని పిలిచింది.

రత్నం లేచింది. అందరూ దానివైపే చూశారు.

"మొన్న చెప్పేశానండి" అని కూర్చుంది.

కథ పోయింది కంచికి,
మనం వచ్చాం ఇంటికి,
నా కోపం నా ఒంటికి,
నీ నిద్దర నీ కంటికి.