సలోమి ఇంటి కప్పు

అప్పుడెప్పుడో, మీ తాతగారి తాతకి పాలపళ్ళైనా రాని రోజుల్లో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, తాటితోపుల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అన్నీ తాటాకు ఇళ్ళే. ఏటా రోహిణి ఎండల్లో పాత ఆకు తీసి కొత్త ఆకు కప్పుకోవాలి. లేదంటే మృగశిర వాన నట్టింట్లోనే కురుస్తుంది.

తోపులన్నీ ఇస్సాకువి. ఆకులు దాచే కొట్టం ఇస్సాకుది. ఆదివారం మందిరంలో ముందు పరిచే పెద్ద చాపా ఇస్సాకుదే. చెడ్డవాడు కాదు పాపం. పాటలు బాగా పాడేవాడు, ప్రార్థన ఇంకా బాగా చేసేవాడు. కానీ ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు.

ఆ మందిరం ఊడ్చి, ఆరాధన కాగానే చాపలు తన ఇంటికి తీసుకెళ్ళి దాచే ముసలామె సలోమి. ఆమెకి నా అన్నవాళ్ళు లేరు. ఉన్నవల్లా మూడు కోడిపెట్టలు, ఆకాశం కనిపించే గుడిసె ఒకటి. ఆ ఏడు ఎండలు ముదిరాక ఆమె ఇస్సాకు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అయ్యా, నా ఇంటికి ఆకు కావాలి."

ఇస్సాకుకి ఆ పెట్టల మీద ఎప్పట్నుంచో కన్నుంది. "మూడు పెట్టలూ తెచ్చివ్వు. ఆకు పట్టుకెళ్ళు" అన్నాడు.

మొదటి ఆదివారం సలోమి రెండు పెట్టలతో వచ్చింది.

"మూడోదేది?"

"దీనమ్మ బాలింత కదయ్యా. పాలు పడక పసిగుడ్డు ఒకటే ఏడుపు. గుడ్లు తింటుందని దానికిచ్చాను. ఈ రెండిటికీ ఎంతొస్తే అంతే ఇవ్వయ్యా."

"నీ పెట్టని నువ్వు ఊరికే ఇచ్చేసుకుని, నా ఆకు అడుగుతావా?"

"నాది కాదయ్యా. నా దగ్గరుంది, అంతే."

"మూడూ ఉంటేనే ఆకు" అని ఇస్సాకు లోపలికి పోయాడు.

రెండో ఆదివారం ఒక్క పెట్టతో వచ్చింది.

"ఇంకోటేదే?"

"బర్నబా జ్వరం నుంచి లేచాడు కదా. కాసింత పులుసు పడితే గానీ కాళ్ళు నిలబడవు. ఈ ఒక్కదానికి నాలుగాకులివ్వయ్యా. పడుకునే చోటు మీదికి చాలు."

"నీదంతా దానం చేసేస్తున్నావు!"

"నాది కాదయ్యా. నా దగ్గరుంది, అంతే."

"మూడూ ఉంటేనే" అన్నాడు ఇస్సాకు.

మూడో ఆదివారం వట్టి చేతులతో వచ్చింది.

"యోబు, ఎస్తేరుల ఇల్లు కాలిపోయిందయ్యా. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, వేపచెట్టు కింద పడుంటున్నారు. ఏదో ఒకదానితో మొదలుపెట్టుకోవాలి కదా, ఆ పెట్ట వాళ్ళకిచ్చాను. నేను నీ తోపులో పని చేస్తాను. ఆకు మోస్తాను."

ఇస్సాకుకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "పిచ్చిదానా! ఇలాగైతే నీ నెత్తిన కప్పు ఎవడేస్తాడే?"

సలోమి నవ్వింది. "నావి కావయ్యా. నా దగ్గరున్నాయి, అంతే. ఇచ్చినాయన రేపు అడిగితే, ఫలానా చోట ఉన్నాయి తండ్రీ అని చెప్పుకోవాలి కదా." కొట్టం వైపు చూసి మెల్లగా అంది, "ఆకైనా అంతేనయ్యా. నీ దగ్గరుంది."

ఇస్సాకు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. "తర్వాత చూద్దాంలే" అన్నాడు.

ఆ ఏడు వాన కార్తె కంటే ముందే దిగింది. ఒకరోజు కురిసింది. రెండోరోజూ కురిసింది. మూడోరోజు ఇస్సాకు అన్నానికి కూర్చున్నాడు. తన ఇంట్లో చుక్క పడలేదు. అయినా ముసలిది తడుస్తోందన్న మాటే మనసులో మెదులుతోంది. చెయ్యి కడుక్కుని లేచి కొట్టం తలుపు తీశాడు.

పైన మోపులు బాగానే ఉన్నాయి. వాటి కింద అంతా చెద. ముట్టుకుంటే పొడి రాలింది. ఎన్నేళ్ళ ఆకో, ఎవరికీ ఇవ్వకుండా దాచిందంతా చెదపురుగులు తినేశాయి. వాటిని మాత్రం ఆయన పెట్టలు అడగలేదు.

మిగిలిన మంచి ఆకు ఒక్క చిన్న ఇంటికి సరిపోతుంది. పాలేళ్ళని పిలవకుండా తనే బండికెత్తుకుని తోలుకెళ్ళాడు.

వెళ్ళేసరికి సలోమి వాకిట్లో జనం. దీనమ్మ పసిబిడ్డని గుండెకి అదుముకుని ఏడుస్తోంది. తెల్లవారుజామున చలిజ్వరంతో సలోమి కన్నుమూసింది. అందరూ ఎవరి ఇళ్ళు వాళ్ళు కప్పుకున్నారు, ఆమె కప్పు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇస్సాకు తల వంచుకుని లోపలికెళ్ళాడు. గుడిసెలో తడవని మూల ఒక్కటే ఉంది. ఆమె మంచం అక్కడ లేదు. ఆ మూలలో మందిరం చాపలన్నీ చుట్టి, జాగ్రత్తగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికన్నా లోపల, గోడవార, ఇస్సాకు కూర్చునే పెద్ద చాప ఉంది. దానికి తడి చెమ్మైనా తగల్లేదు.

ఆ చాప పట్టుకుని ఇస్సాకు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమెని మట్టి చేసి వచ్చాక వాన తెరిపిచ్చింది. ఇస్సాకు పంచె ఎగ్గట్టి, నిచ్చెన వేసుకుని ఆ గుడిసె ఎక్కాడు.

"ఇంకెవరికోసం మావా?" అని అడిగాడు బర్నబా కింద నుంచి.

"ఇది ఆమె ఆకురా. నా దగ్గర ఉండిపోయింది" అన్నాడు ఇస్సాకు.

బర్నబా ఆకు అందించాడు. యోబు తాడు కట్టాడు. కప్పు పూర్తయ్యాక ఇస్సాకు యోబునీ ఎస్తేరునీ చెట్టు కింద నుంచి పిలుచుకొచ్చి ఆ ఇంట్లో పెట్టాడు.

మరుసటేడు రోహిణిలో ఊళ్ళో అందరికన్నా లేనివాళ్ళ ఇల్లేదో వెతికి, ముందు అది కప్పించాకే తన ఇంటి మీద ఆకు వేశాడు. ఆ పై ఏడూ అంతే. చూసి చూసి ఊరంతా అదే పట్టుకుంది.

ఇప్పుడా ఊళ్ళో తాటాకు ఇళ్ళు తక్కువ. రేకులొచ్చాయి, డాబాలొచ్చాయి. అయినా ఎవరైనా ఇల్లు మొదలుపెడితే, శంకుస్థాపన ప్రార్థన కాగానే మేస్త్రి ఒకటే అడుగుతాడు.

"సలోమి ఇల్లయిందా?"

అంటే, లేనివాళ్ళ కప్పు ఒకటి బాగుచేయించావా అని. కాలేదంటే ఆయన తాపీ ముట్టుకోడు.