రాజుగారు మంద కట్టారు

గువ్వలకోన రాజు తిమ్మభూపతికి ఒక పొద్దున్న లేవగానే సముద్రం చూడాలనిపించింది.

"చూసి తీరాల్సిందే!" అన్నారు సభలో అందరూ.

"దేంతో చూస్తారు? ఖజానాలో బల్లులు గుడ్లు పెడుతున్నాయి" అన్నాడు విడిది అధికారి సర్వారాయుడు. రాజు ఎక్కడికి వెళ్ళినా డేరాలు వేయించి, వంటలు వండించి, దారి పొడుగునా మేత కొనిపించే పని ఆయనది. "పట్టుడేరా, పందిరిమంచం, పన్నీరు లేకుండా ప్రభువులు గడప దాటితే పరువేం కాను?"

రాజు ముఖం వాడిపోయింది. అప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు ఖంగున మోగింది.

"చిల్లిగవ్వ లేకుండా ఛప్పన్న దేశాలు తిరిగొచ్చినవాణ్ణి, నేనుండగా తమకేం లోటు ప్రభూ? ఆకాశం నా దుప్పటి! భూమి నా పరుపు!"

ఆ గొంతు కోనప్పది. రాజుని నవ్వించడమే అతని కొలువు. ఛప్పన్న దేశాల సంగతంటారా, పుట్టి బుద్ధెరిగాక అతగాడు చేసిన అతి దూరప్రయాణం పక్కూళ్ళో మేనత్త ఇంటికి. అక్కణ్ణించి కూడా జలుబు చేసి తిరిగొచ్చాడు.

"అయితే నన్ను తీసుకెళ్ళు" అన్నాడు రాజు.

కోనప్ప రెండడుగులు వెనక్కేశాడు.

సర్వారాయుడు మీసం దువ్వాడు. "తీసుకెళ్ళనివ్వండి ప్రభూ. కాకపోతే రాజన్నాక ఏనుగులు, గుర్రాలు, ఎడ్లు వెంట రావాలి. దారిలో తమరు ఒక్క పూట పస్తు పడుకున్నా వీడి మీసం గొరిగించి, కొలువులోంచి సాగనంపాలి."

"పస్తు పడుకోకపోతేనో?" అడిగాడు రాజు.

"నా మీసం గొరిగించండి!"

కోనప్ప ఇంటికెళ్ళి అద్దంలో మీసం చూసుకున్నాడు. ఎంత నెయ్యి తాగింది పాపం! ఏనుగులు ఎంత తింటాయో తలుచుకుని దిగాలుపడ్డాడు. ఆ తర్వాత, తిన్నదంతా చివరికి ఏమవుతుందో తలుచుకుని ఈల వేశాడు.

కోతలైపోయి పొలాలన్నీ బోసిగా ఉన్న రోజులవి. డేరా లేదు, మంచం లేదు. చంకలో తాటాకు చాప పెట్టుకుని రాజు బయల్దేరాడు. పక్కన నడుస్తూ కోనప్ప పాఠం మొదలుపెట్టాడు.

"ఇసుక మెత్తగా ఉంది కదాని ఎండిన వాగులో పడుకోకండి ప్రభూ. ఎగువన వాన పడిందంటే మనం నడవక్కర్లేకుండానే సముద్రానికి చేరిపోతాం."

"ఓహో! ఇంకా?"

"చెప్పులు తలకింద పెట్టుకోండి. దిండుకి దిండు, దొంగల భయమూ ఉండదు. పొద్దున్నే దులిపి మరీ తొడుక్కోండి. రాజుగారి చెప్పు అని తేలుకి తెలీదు."

"మరి భోజనం?" వెనకనించి సర్వారాయుడు ఎత్తిపొడిచాడు. "దానికేం చెబుతావురా?"

"దానికి చెప్పను రాయుడుగారూ, చూపిస్తాను" అని కోనప్ప తట్టువ గుర్రమెక్కి ముందు ఊరికి దౌడు తీశాడు.

పొద్దు వాలే వేళకి రాజు చెరుకుమిల్లి పొలిమేర చేరాడు. చేరి, నోరు తెరిచాడు. ఊరు ఊరంతా ఎదురొచ్చింది! గంపలనిండా జొన్నరొట్టెలు, కుండలతో పెరుగు, కాగుతో ఉలవచారు. బళ్ళనిండా మేత.

"మా పొలంలో పడుకోవాలి బాబయ్యా!" అంది అంకమ్మ అనే ముసలామె.

"నీ పొలంలో ఎందుకమ్మా? నాది దారి పక్కనే!" అడ్డొచ్చాడు బసివిరెడ్డి.

"నోర్ముయ్! పెరుగు ముందు తెచ్చింది నేను!"

రాజు కళ్ళు చెమర్చాయి. "చూశావా రాయుడూ, నేనంటే నా ప్రజలకి ఎంత ప్రేమో!"

సర్వారాయుడు ఛాతీ విరిచాడు. "నా ఏర్పాట్ల పేరు ఇంతదూరం పాకింది ప్రభూ." రెండడుగులు ముందుకేసి, చెయ్యెత్తి గంభీరంగా అన్నాడు. "ఎవరూ కొట్టుకోవద్దు! ప్రభువులు అదిగో, ఆ రాతిగట్టు మీద విడిది చేస్తారు."

"ఆయన్ని ఎక్కడైనా పడుకోమను నాయనా" అంది అంకమ్మ. "ఏనుగులేవీ?"

సర్వారాయుడు ఎత్తిన చెయ్యి దించేశాడు.

"ఏనుగులా?" అన్నాడు రాజు.

"మరి? ఏనుగుల్ని నా పొలంలో కట్టిస్తానని మీ కోనప్ప మాటిచ్చాడు. అందుకేగా ఇంత వండిందీ!"

రాజు కోనప్పకేసి తిరిగాడు. కోనప్ప చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"పొలంలో గొర్రెల మంద కట్టి, ఒక రాత్రి పడుకోబెడితే బోలెడు ఎరువు. అందుకని రైతులు కాపరిని పిలిచి మరీ కూడు పెడతారు ప్రభూ."

"అయితే?"

"గొర్రెల కాపరికే పెట్టేవాళ్ళు ఏనుగుల కాపరికి పెట్టరా?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, చాప మీద కూలబడి, పొలమారేదాకా నవ్వాడు. సర్వారాయుడొక్కడే నవ్వలేదు. మీసం మీద చెయ్యి కప్పుకుని నిలబడ్డాడు.

"మీసం వద్దులెండి ప్రభూ" అన్నాడు కోనప్ప. "ఏనుగుల్ని వెంట తెమ్మని సలహా ఇచ్చింది రాయుడుగారే. ఆయన పుణ్యమే ఈ పెరుగు."

ఆ మాటతో సర్వారాయుడికీ నవ్వాగలేదు. రాజు చేతి కడియం తీసి కోనప్పకి తొడిగాడు.

"నిజం చెప్పు. ఛప్పన్న దేశాల్లో ఏ దేశంలో నేర్చావీ కిటుకు?"

కోనప్ప బుర్ర గోక్కున్నాడు. "మా మేనత్త ఊరి పొలిమేరలో ప్రభూ. దారి తప్పి, చీకట్లో ఒక పొలంలో పడుకున్నా. ఎంత మెత్తగా ఉందో! ఎంత వెచ్చగా ఉందో! భూమే పరుపంటే ఇదే కాబోలనుకున్నా."

"తర్వాత?"

"తెల్లారి, రైతు పెట్టిన కూడు తింటున్న గొర్రెల కాపరిని చూశాక తెలిసింది, అది భూమి కాదని. నాకు జలుబు చేసింది దుప్పటి లేక కాదు ప్రభూ. వాసన పోయేదాకా కాలవలో మునిగితే గాని మా అత్త గడప తొక్కనివ్వలేదు."