గోరింకమ్మ గూట్లో కుబుసం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మర్నాటి నుంచి ఆ పెరట్లో ఒక్క ప్రాణీ కుదురుగా కూర్చుంటే ఒట్టు. మునగపూత మీద తేనెపిట్టలు తగువులాడుకుంటున్నాయి. చలికాలమంతా ఎక్కడ తలదాచుకున్నాయో గానీ, పిచ్చుకలు తిరిగొచ్చి చూరు కింద జాగాల కోసం కొట్టుకుంటున్నాయి. ఉడుత నోటినిండా కొబ్బరిపీచు కుక్కుకుని, ఎవరు పలకరించినా బదులివ్వకుండా పరుగులు తీస్తోంది.

అందరికంటే కంగారు గోరింకమ్మది. ఇవాళో రేపో గుడ్డు పెట్టాలి, గూడు చూస్తే కుదరలేదు. గోడ కన్నాలన్నీ నిండిపోయాయి. మిగిలింది బావి పక్కన ఎండు కొబ్బరిమోడులోని తొర్ర ఒక్కటే. ఇరుకు మూతి, లోతైన కడుపు.

"ఇల్లు కట్టి చూడమని ఊరికే అన్నారా?" అని నిట్టూర్చాడు మొగుడు గోరింకయ్య.

"నిట్టూర్పులకి గుడ్డు ఆగదు. నడు!" అని కసిరి, తనే ముందు ఎగిరింది. ఎగిరింది ఎగిరినట్టే వెనక్కి వచ్చి పడింది. తొర్ర మూతికి పాము కుబుసం వేలాడుతోంది.

"ఏమ్మా కోడలా, అలా వణికిపోతున్నావు?" అంటూ గోరింట కంచెలోంచి జెముడుకాకి బయటికొచ్చాడు. ఎర్రకళ్ల పెద్దమనిషి. తను ఎదురొస్తే శకునం మంచిదని లోకం అనుకుంటుంది. ఆయనా అదే అనుకుంటాడు.

"తొర్రలో పాముంది మామా!"

"చెబుదామనే వస్తున్నా. నిన్న కళ్లారా చూశాను, ఇంత లావుంది. లోపలికి పోయింది, మళ్లీ రాలేదు. కడుపుతో ఉన్నదానివి, అటు పోకు. నా కంచెలో బోలెడు చోటు. కాపలాకి నేను లేనూ?"

"పెద్దాయన అంతగా చెబుతుంటే..." అన్నాడు గోరింకయ్య, పీచు మోసే పని తప్పినందుకు లోలోపల సంతోషిస్తూ.

గోరింకమ్మకి ఆలోచించే తీరిక లేదు. కంచెలో దూరింది. ఆ కొమ్మ నచ్చలేదు, ఈ కొమ్మ నచ్చలేదు. పీచు ఎక్కడ పెట్టినా జారి కింద పడుతోంది. తీసుకుందామని దిగితే, ఎండాకుల మధ్య గువ్వ గుడ్ల పెంకులు కనిపించాయి. ఇంకా తడి ఆరలేదు. మామ కాపలా దేనికోసమో ఆమెకి అర్థమైంది.

అయినా మొహం మార్చలేదు. "మామా, ఒక్కసారి నీళ్లు తాగొస్తాను" అని మోడు దగ్గరికి వెళ్లి, ఈసారి కుబుసాన్ని కళ్లు పెట్టి చూసింది. దాని మడతల్లో గోరింటాకులు ఇరుక్కుని ఉన్నాయి. ఆ మోడు దరిదాపుల్లో గోరింట మొక్కే లేదు. ఓ మట్టిబెడ్డ ముక్కున కరుచుకొచ్చి తొర్రలో వేసింది. బుస్సుమనలేదు, కస్సుమనలేదు.

"లోపలికి వద్దే, కుబుసమే ఇంత భయంగా ఉంది!" అన్నాడు వెనకే వచ్చిన గోరింకయ్య.

"మీ అమ్మ నిన్ను దేనిమీద పొదిగిందనుకున్నావ్? కుబుసం పరవకుండా గోరింక గూడు ఎక్కడైనా పూర్తవుతుందా? నేను భయపడింది దాని వెనక పాముకి. పాము లేదని తేలాక, విడిచిన చొక్కాకేం భయం? ఎక్కడ వెతకాలా అని చస్తుంటే, మామ గుమ్మంలోకి తెచ్చిచ్చాడు. పట్టు ఆ కొస!"

ఇద్దరూ కలిసి కుబుసాన్ని లోపలికి లాక్కున్నారు. ఆ పూటే గోరింకమ్మ గుడ్డు పెట్టింది.

జెముడుకాకి ఊరుకున్నాడా? మోడులో పాముందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. గోరింకలు భయపడి గూడు వదిలిపోకపోతారా అని ఆశ. ఆ పుకారు పుణ్యమా అని పిల్లి కూడా అటు అడుగు వేయలేదు. గోరింకమ్మ మిగతా గుడ్లూ పెట్టి హాయిగా పొదిగింది.

వేపచెట్టు పూసేనాటికి తొర్రలోంచి పిల్లల కిచకిచలు మొదలయ్యాయి. జెముడుకాకికి నోరూరింది. తల్లిదండ్రులు పురుగులకి వెళ్లిన సమయం చూసి మోడు ఎక్కి, తొర్రలోకి తల దూర్చాడు. వెలుగు తగ్గేసరికి, అమ్మ మేత తెచ్చిందనుకుని పిల్లలన్నీ ఒక్కసారి లేచాయి. వాటి కింది కుబుసం సరసరమని కదిలి, చీకట్లో ఆయన ముక్కుకి తగిలింది.

"అమ్మో! నిజంగానే వచ్చేసింది!"

వెనక్కి విరుచుకుపడ్డాడు. కింద గేదెల కుడితి తొట్టి సిద్ధంగా ఉంది. తవుడు కారుతున్న రెక్కలతో ఆయన గట్టెక్కుతుంటే, సీజనంతా నోరు విప్పని ఉడుత పీచు పక్కన పెట్టి మరీ అడిగింది:

"శకునం మామా, ఇవాళ మీకెవరెదురొచ్చారు?"

నీతి: ఎదుటివాడి కోసం పెంచిన భయం చివరికి పెంచినవాడినే కరుస్తుంది.