కుడి చెప్పు, ఎడమ కాలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు, ఆ రాజుగారికి మందులు చేసే వైద్యుడు సాంబలింగం, ఆయనకో కోడలు చుక్కమ్మ. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. ఇవాళ్టి కథలో నవ్వులు తక్కువ, ముందే చెబుతున్నా.

మందంటే ఏంటనుకున్నారు? కంటికి కనపడనంత బుల్లి బొమ్మలు. నల్లబొమ్మకి నాలుగు చేతులు, ఎర్రబొమ్మకి రెండు, తెల్లబొమ్మకి ఒక్కటే. చేతులు పట్టుకుని నిలబడతాయి. నల్లవన్నీ వరసగా నిలబడితే ఒక సరుకు, ఒకటి కొమ్మలా పక్కకి చీలితే ఇంకో సరుకు. ఎర్రబొమ్మ చివర నిలబడితే తాగితే తూలే సారా, మధ్యలో దూరితే గాల్లోకి ఎగిరిపోయే ఆవిరి. రెండు బొమ్మలు ఒకే పక్క కూర్చుంటే ఒక గుణం, ఎదురుబొదురుగా కూర్చుంటే ఇంకో గుణం. అవే బొమ్మలు, అంతే మంది. తీరు మారితే పేరు మారె, పేరు మారితే పని మారె. మీ అక్క పుస్తకం పట్టుకుని ఐసోమర్లు ఐసోమర్లు అని గొణుగుతుందే, అవే ఇవి.

అన్నిట్లోకీ టక్కరిది ఆఖరిది. అద్దంలో నీడలాంటిది. అంతా సమానమే, కానీ ఒకటి కుడిచెయ్యి, ఒకటి ఎడమచెయ్యి.

రాణిగారికి విషజ్వరం వచ్చింది. కడుపులో బిడ్డ కూడానూ. సాంబలింగం మందు కాచాడు, తూచాడు, వాసన చూశాడు, సరిపోయిందన్నాడు. చుక్కమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు స్ఫటికాల మధ్య మందు పెట్టి ఎండలోకి చూసింది. కుడికి తిరగాల్సిన వెలుగు ఎడమకి తిరిగింది. మామగారూ, ఇది అద్దంలోది, కుడి చెప్పు ఎడమకాలికి తొడిగినట్టుంది, వద్దని కాళ్ళావేళ్ళా పడింది. ముప్పై ఏళ్ళుగా తూస్తున్నా, నిన్నగాక మొన్నొచ్చి నాకు చెబుతావా అని కసిరాడాయన. ఆ ఇంట్లో ఒక ఆచారం. కోటకెళ్ళే మందు చేసినవాడే ముందు తాగాలి. తాగేశాడు మహానుభావుడు. పంతం, అంతా పంతం!

సాయంత్రానికి మాట పడిపోయింది. వేలితో గుమ్మం వైపు చూపిస్తే చుక్కమ్మ చెప్పులు తెచ్చిచ్చింది. కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని, కోడలికి దణ్ణం పెట్టి, కళ్ళు మూశాడు. తప్పు ఒప్పుకుందామంటే నోరు లేకపోయింది పాపం.

మైలలో మందుపొయ్యి ముట్టుకోకూడదన్నారు. చుక్కమ్మ వినలేదు. ఏడుస్తూనే కాచింది, ఏడుస్తూనే ఎండలో చూసింది. మూడోసారి వెలుగు కుడికి తిరిగింది. ముందు తను తాగి, ఒక పూట ఆగి, అప్పుడు కోటకి పంపింది. రాణిగారు లేచింది, పండంటి పిల్లని కంది. రాజుగారు చుక్కమ్మనే ఆస్థాన వైద్యురాలిని చేశాడు. అందరూ సుఖంగానే ఉన్నారు. చుక్కమ్మ అత్తగారు మాత్రం ఆ చెప్పులు గుమ్మం దగ్గర తారుమారుగానే ఉంచింది, చచ్చేదాకా ఎవర్నీ సర్దనివ్వలేదు.

అందుకే చెబుతున్నా, తూకం సరిపోయిందని సంబరపడకూడదు, తీరు చూసుకోవాలి. చిన్నవాళ్ళు చెప్పినా చెవిన పెట్టాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. ఏడవకే పిచ్చిదానా, పడుకో.