ఉప్పుగెడ్డ పైడమ్మ నవ్వించిన ఏడుపు బొమ్మ

అనగా అనగా, సినిమా బొమ్మ ఊరూరా డేరాలో ఆడే కాలం. గాలొస్తే తెర ఊగేది, తెరతోపాటు తెరమీది రాజూ ఊగేవాడు. ఆ కాలంలో సముద్రం ఒడ్డున ఉప్పుగెడ్డ అనే పల్లె ఉండేది. ఆ పల్లెలో పైడమ్మ ఉండేది.

పైడమ్మకి మొగుడు లేడు, పడవ లేదు, వల లేదు. డేరాలో వేరుశెనక్కాయలు అమ్ముకుని బతికేది. అమ్ముతూ అమ్ముతూ ప్రతి బొమ్మా చూసేది. తెరమీద రాజు నడిస్తే, మర్నాడు ఇసకమీద పైడమ్మ రాజులా నడిచేది. రాక్షసుడు నడిస్తే రాక్షసుడిలా నడిచేది. ఏనుగు నడిస్తే ఏనుగులా నడిచేది. వలలు అల్లుకునే ఆడవాళ్ళు పని ఆపి, కడుపు పట్టుకుని నవ్వేవారు.

ఇలా ఉండగా ఆ డేరాకి ఒక గొప్ప బొమ్మ వచ్చింది. పేరు 'ఎండిన కుండ'. ఢిల్లీలో దానికి బంగారు పతకం ఇచ్చారని దండోరా వేశారు. ఆ బొమ్మలో కరువొస్తుంది. ఒక తల్లి, ఒక బిడ్డ. తల్లి మూడుసార్లు ఆకాశం కేసి చూస్తుంది. మూడుసార్లు కుండ గీకుతుంది. అడుగున మిగిలిన గంజి బిడ్డ నోట్లో పోసి, "నాకు ఆకలి లేదమ్మా" అని ఒరిగిపోతుంది.

ఊరంతా చేతులు కట్టుకుని చూసింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు, ఎవరూ వేరుశెనక్కాయలు కొనలేదు. పైడమ్మ కూడా గంప పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఇసకమీద పైడమ్మ ఆ తల్లి అయింది. ఆకాశం కేసి చూసింది. చూస్తూనే ఉంది. మెడ పట్టేసింది. పక్కావిణ్ణి పిలిచి మెడ తిప్పించుకుంది. కుండ గీకింది, గీకింది, చిల్లు పడేదాకా గీకింది. ఆ చిల్లులోంచి మళ్ళీ ఆకాశం కేసి చూసింది. చచ్చిపోతూ పడుకుంది. అంతలో లేచి, "ముకం ఇటేపు పెట్టాలి కావాల!" అని కుచ్చిళ్ళు సర్దుకుని, అటు తిరిగి మళ్ళీ చచ్చిపోయింది.

ఆడవాళ్ళు ఇసకలో దొర్లి దొర్లి నవ్వారు.

ఆ నవ్వు విని ఊరిపెద్ద దానయ్య వచ్చాడు. దానయ్య కోపిష్టి కాదు, చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు కరువులో అతని అక్క ఆకలితో పోయింది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అతను రాగానే నవ్వు ఆగిపోయింది.

"పైడీ, ఇన్నాళ్ళూ రాజుల్ని ఎక్కిరించినావు. నానేటైనా అన్నానా?"

"నేదు మావా."

"రాచ్చసుల్ని ఎక్కిరించినావు. ఏటైనా అన్నానా?"

"నేదు మావా."

"ఇన్నేళ్ళకి మనలాటోళ్ళ ఆకలి తెరమీదికెక్కింది. ఢిల్లీలో పెద్దోళ్ళు లేచి దండం పెట్టినారు. దాన్ని కూడా నవ్వులపాలు సేత్తావా?"

పైడమ్మ తల వంచుకుంది. మెల్లగా అంది: "నాను ఆకల్ని ఎక్కిరించనేదు మావా. బొమ్మని ఎక్కిరించినాను. రాత్రి నాకు ఏడుపొచ్చింది. పొద్దున్న నవ్వొచ్చింది. రెండూ నిజిమే."

"నువ్వు నవ్వించినాక ఇంకెవడేడుస్తాడే ఆ తల్లి కోసం? బొమ్మని సంపేసినావు."

"సావదు మావా. మంచి బొమ్మ. సావదు."

దానయ్య పదిమందినీ పిలిచాడు. అందరి ముందూ ఒక మాట అనుకున్నారు. మళ్ళీ ఆట వేసేరోజు పైడమ్మ ముందు ఊరంతటి ఎదుటా ఆ వెక్కిరింత చెయ్యాలి. తర్వాత ఊరంతా బొమ్మ చూడాలి. జనానికి ఏడుపు వస్తే పైడమ్మ ఊళ్ళో ఉంటుంది. రాకపోతే ఊరు వదిలిపోతుంది.

డేరా యజమాని సన్నాసయ్యకి పైడమ్మ అంటే జాలి. ఆట వేసేరోజు సాయంత్రం చాటుగా వచ్చి చెప్పాడు: "అప్పా, ఇయాల కాస్త చప్పగా సెయ్యి. జనం ఎక్కువ నవ్వకపోతే తరవాత ఏడుత్తారు. నీ ఊరు నీకుంటాది."

పైడమ్మకి ఊరు తప్ప ఇంకేమీ లేదు. అయినా తల అడ్డంగా ఊపింది. "చప్పగా సేత్తే ఆ బొమ్మ మీద నాకు నమ్మకం నేదన్నట్టు కాదా? ఆ తల్లికి అది అవమానం తమ్ముడూ."

ఆరోజు పైడమ్మ చేసినట్టు అంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. మెడ పట్టేసింది, కుండకి చిల్లు పడింది, తల్లి అటు చచ్చి ఇటు చచ్చి మళ్ళీ అటు చచ్చింది. ముసలివాళ్ళు ఎక్కిళ్ళు పెట్టి నవ్వారు. దానయ్య మాత్రం పెదవి కదపలేదు.

దీపాలు ఆర్పారు. బొమ్మ మొదలైంది.

తల్లి ఆకాశం కేసి చూసింది. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. రెండోసారి చూసింది. ఆడవాళ్ళ వైపంతా నవ్వింది. మూడోసారి చూసింది. డేరా గుంజలు కదిలేట్టు అందరూ నవ్వారు. ఊరు వదిలి ఏ దారిన పోవాలా అనుకుంటూ పైడమ్మ డేరా గుడ్డచాటుకి జరిగింది.

తల్లి కుండ గీకింది. మళ్ళీ నవ్వు. ఈసారి అందరికంటే పెద్దగా నవ్విందెవరు? దానయ్య! నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది.

అప్పుడు తల్లి గంజి బిడ్డ నోట్లో పోసింది. "నాకు ఆకలి లేదమ్మా" అంది.

నవ్వబోయిన నోళ్ళు తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. ఎవరో వెక్కారు. పక్కవాళ్ళు వెక్కారు. మొదటిరోజు చేతులు కట్టుకుని చూసిన జనం ఈసారి ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. దానయ్య "అక్కా" అని పెద్దగా అరిచి ఏడ్చాడు. అక్క పోయిననాడు కూడా అతను అలా ఏడవలేదని ముసలివాళ్ళు చెప్పుకున్నారు.

ఆట అయ్యాక దానయ్య గుడ్డచాటు దగ్గరికి వచ్చాడు.

"పైడీ, ఎక్కడికీ ఎల్లకు. బొమ్మ నిలబడింది. నువ్వూ నిలబడినావు."

ఆడవాళ్ళు ఊరుకుంటారా? పైడమ్మని పడవలో కూర్చోబెట్టి, ఇసకమీద ఊరంతా లాగారు. దానయ్య ముందు నిలబడి తాడు పట్టాడు. డప్పులు మోగాయి. పైడమ్మ పడవలో నిలబడి రాజులా చెయ్యి ఊపింది, రాక్షసుడిలా మీసం తిప్పింది, చివరికి పైడమ్మలాగే చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఎన్నో గొప్ప బొమ్మలు వచ్చాయి. పైడమ్మ అన్నిటినీ వెక్కిరించింది. కొన్ని ఆ నవ్వుకి కూలిపోయాయి. వాటిని సన్నాసయ్య మర్నాడే మూటగట్టి పంపేసేవాడు. కొన్ని నిలబడ్డాయి. వాటికోసం పక్క పల్లెల జనం పడవలేసుకుని వచ్చేవారు.

పైడమ్మ ముసలిదై, నిండుగా బతికి పోయింది. పెద్దకర్మనాడు ఊరి ఆడవాళ్ళంతా కూడి పైడమ్మలా నడిచారు, పైడమ్మలా దెబ్బలాడారు, పైడమ్మలా గాలిని తిట్టారు. నవ్వీ నవ్వీ, నవ్వులోంచే ఏడ్చారు. ఆవిడకి తగిన వీడ్కోలు అదేనన్నారు.

డేరాలు పోయాయి. తెరలు ఇప్పుడు గాలికి ఊగవు. అయినా ఆ ఒడ్డున ఎవరైనా వచ్చి, "ఫలానా బొమ్మ చాలా గొప్పదట, పతకాలొచ్చాయట, నోరెత్తకుండా చూడాలట" అంటే, అక్కడివాళ్ళు ఒక్కటే అడుగుతారు:

"పైడమ్మకి చూపించారా?"

అడిగి, లేచి, ముందు ఇసకమీద ఆ బొమ్మని కడుపారా వెక్కిరిస్తారు. అప్పటికీ నిలబడితే, అప్పుడు చేతులెత్తి దండం పెడతారు.