మినే, ఏం కనిపిస్తోంది?

ఎప్పటి మాటో చెప్పినవాళ్లకే గుర్తులేదు, ఇక వినేవాళ్లకేం తెలుస్తుంది. మనకంటే ముందు తెల్లవారే జపాను దేశంలో నమికుర అని ఒక రేవు పట్నం ఉండేది. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో ఊరు. ఆ ఊళ్లో మనుషులకంటే పడవలు ఎక్కువ. పడవలకంటే పిల్లులు ఎక్కువ.

ఆ రేవుకి ఏడాదికొక పండగ. సముద్రపు అమ్మవారిని పల్లకీ ఎక్కించి, ఆ పల్లకీని పడవ ఎక్కించి, కొంగరాయి చుట్టూ మూడుసార్లు తిప్పేవారు. కొంగరాయి కొండమొనకి అవతల, సముద్రంలో ఉంది. ఒడ్డున నిలబడితే కనపడదు. కొండెక్కాలి. కొండకి నూటయాభై మెట్లు. యాభయ్యో మెట్టు దగ్గర ఒక చప్టా. అక్కడినుంచి రేవు కనిపిస్తుంది. నూరో మెట్టు దగ్గర ఇంకో చప్టా. అక్కడినుంచి ఊరు కనిపిస్తుంది. పైన గుడి ముందు మూడో చప్టా. కొంగరాయి కనిపించేది అక్కడినుంచే.

పండగ చూడ్డానికి మూడు దీవులనుంచి జనం ఓడల్లో దిగేవారు. పుల్లకి గుచ్చిన బియ్యప్పిండి ఉండలు తింటూ, కొత్త కాగితపు గొడుగులు తిప్పుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కేవారు. ఎక్కలేనివాళ్లని మోసేవాళ్లు మోసేవారు. మెట్లు ఇరుకు, పల్లకీ పట్టదు. అందుకని వీపుపీట. అంటే మోసేవాళ్లు వీపుకి కట్టుకునే చెక్కపీట. కూర్చున్నవాళ్ల వీపు మోసేవాళ్ల వీపుకి ఆనుతుంది. కూర్చున్నవాళ్లకి సముద్రం కనిపిస్తుంది. మోసేవాళ్లకి మెట్లు కనిపిస్తాయి.

అలా మోసేవాళ్లలో ఒకతె మినే. సన్నటి మనిషి, మొగుడు లేడు, పిల్లలు లేరు. ముప్పై పండగలు మెట్లెక్కింది. ఒక్క పండగా చూడలేదు. బరువు దింపేదాకా వెనక్కి తిరగకూడదు. తిరిగితే పీటమీదున్నవాళ్లకి కళ్లు తిరుగుతాయి. దింపగానే గుడి వెనక వెదురుతోపు దారిన కిందికి పరిగెత్తాలి, ఇంకొకరిని ఎక్కించుకోవాలి. పండగ ఎప్పుడూ ఆమె వీపు వెనకే జరిగిపోయేది.

అందుకని మినే అడిగేది. ప్రతి చప్టా దగ్గరా, పీటమీద ఎవరున్నా సరే, "ఏం కనిపిస్తోంది?" అని అడిగేది. ఒక వర్తకుడు పడవలు నలభై రెండు అని చెప్పాడు, ఇంకేమీ చెప్పలేదు. ఒక కొత్తకోడలు ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు. ఒక ముసలాయన బాగుంది, బాగుంది, బాగుంది అన్నాడు. మినేకి తెలిసిన పండగ అంతే. నలభై రెండు పడవలు, కాసింత ఏడుపు, చాలా బాగుంది.

ఒక ఏడు రేవు పెద్ద గెంజో తల్లి ఒషినో పండగ చూస్తానని పట్టుబట్టింది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు పట్టేసి పదేళ్లుగా గుమ్మం దాటలేదు. మోసేవాళ్లలో పెద్దవాడు కసుకె ఆమెని మినే పీటమీద కూర్చోబెట్టి, నడుముకి గుడ్డ బిగించి, తలమీద వెడల్పాటి గడ్డిటోపీ పెట్టాడు.

"ఏమే, నువ్వే ఎముకల పోగులా ఉన్నావు. నన్ను మొయ్యగలవా?" అంది ఒషినో.

"మీరు పిడికెడు ఉన్నారు అమ్మగారూ. మీ అబ్బాయిగారిని మొయ్యమంటే ఆలోచించుకోవాలి గానీ."

"వాడా! వాడు కడుపులో ఉన్నప్పుడే బరువు," అని ముసలమ్మ కిచకిచా నవ్వింది. ఆ నవ్వు మినే వీపుకి తగిలింది.

మెట్టు, మెట్టు, ఇంకో మెట్టు. మొదటి చప్టా వచ్చింది.

"అమ్మగారూ, ఏం కనిపిస్తోంది?"

"రేవు కనిపిస్తోంది. ఓడలు పదకొండు. ఒకదాని తెరచాప మీద మాసిక వేశారు, నీలం గుడ్డతో. ఎవరో మగవాడు కుట్టాడు, ఆడది అంత వంకర కుట్టదు."

మినే నవ్వింది. ముప్పై ఏళ్లలో ఇంత బాగా చెప్పినవాళ్లు లేరు. మెట్టు, మెట్టు, ఇంకో మెట్టు. రెండో చప్టా వచ్చింది.

"అమ్మగారూ, ఏం కనిపిస్తోంది?"

ఒషినో మెడ చాపి చూసింది. తర్వాత అడిగింది. "ఆ వంతెన పక్క వీధేమిటి? ఊరంతా దీపాలూ తోరణాలూ పెట్టుకుంటే అక్కడ తలుపులన్నీ మూసున్నాయి. తలుపులకి అడ్డంగా తాళ్లు కట్టున్నాయి."

"అది ఉప్పు కాచేవాళ్ల వీధి అమ్మగారూ. అక్కడ మొన్న ఒకతను పోయాడు."

"ఒకతను పోతే వీధి మొత్తానికా?"

"మీ అబ్బాయిగారి కట్టడి అండి. చావు మైల అమ్మవారికి తగలకూడదని. ఏ వీధిలో చావు జరిగితే ఆ వీధి మూడు పండగలు చూడకూడదు. ఆ వీధిలో ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఏడేళ్లయింది తాళ్లు విప్పి. అక్కడి చిన్నపిల్లలు పండగంటే చప్పుడే అనుకుంటారు."

"మా ఇంట్లోంచి ఇది కనపడదు," అంది ఒషినో. మినే వీపుకి ఆనిన ఆ చిన్న వీపు బిగుసుకుంది. "పద. తొందరగా పద. పైకెళ్లాక చెబుతాను వాడి పని. తాళ్లు కోసెయ్యమంటాను. అందరి ముందూ చెబుతాను, కాదనలేడు. నన్ను పైదాకా తీసుకెళ్తావు కదూ?"

"తీసుకెళ్తానమ్మగారూ."

"మాట?"

"మాట."

మెట్టు, మెట్టు, ఇంకో మెట్టు. నూట పదమూడో మెట్టు మీద మినే వీపుమీద బరువు ఒక్కసారిగా పెరిగింది.

మినే ఆగిపోయింది. బతికున్న మనిషి తన బరువు తాను కొంత మోసుకుంటుంది. ముప్పై ఏళ్లు మోసిన వీపుకి ఆ సంగతి తెలుసు. ఇప్పుడు ఆ బరువు మొత్తం మినే మీదే.

"అమ్మగారూ?"

జవాబు లేదు.

"అమ్మగారూ?"

జవాబు లేదు.

మూడోసారి పిలవలేదు. అటూ ఇటూ జనం, బియ్యప్పిండి ఉండలూ, గొడుగులూ, నవ్వులూ. "దారి, దారి, ఏమిటమ్మా ఆగిపోయావు?" అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. గడ్డిటోపీ కింద ముసలమ్మ కునుకు తీస్తోందనుకున్నారంతా.

మినే ధైర్యవంతురాలేమీ కాదు. ఆ ఒక్క మెట్టు మీద నిలబడి అంతా ఆలోచించింది. నోరు విప్పితే పండగ ఆగిపోతుంది. అమ్మవారి పడవ వెనక్కి తిరుగుతుంది. చావు మోసే మనిషి వీపుమీద జరిగింది గనక మోసేవాళ్ల వీధికీ తాళ్లు పడతాయి. ముసలమ్మ చెప్పాలనుకున్న మాట నూట పదమూడో మెట్టు దగ్గరే ఉండిపోతుంది. నోరు విప్పకుండా పైకెక్కితే శవాన్ని అమ్మవారి ముందుకి మోసిన మనిషవుతుంది. అలాంటి పని ఆ ఊళ్లో ఎవరూ చెయ్యలేదు. చేస్తే ఏమవుతుందో కూడా ఎవరికీ తెలీదు.

పైదాకా అని మాటిచ్చింది. ఎక్కింది. ఒక్కో మెట్టుకీ ఆకాశం విరిగి నెత్తిన పడుతుందనుకుంటూ ఎక్కింది.

మూడో చప్టా మీద రేవు పెద్ద గెంజో నిలబడి ఉన్నాడు. పక్కన శంఖం పట్టుకుని బంటు. శంఖం ఒకసారి ఊదితే కింద కావలివాళ్లు తాళ్లు కడతారు, రెండుసార్లు ఊదితే కోస్తారు. గెంజోకి మినే మొహం, వెనక తల్లి గడ్డిటోపీ అంచు, అంతే కనిపించాయి.

"అమ్మా, బాగా కనిపిస్తోందా?" అని కేకేశాడు.

మినే తల వంచింది. "అయ్యగారూ," అంది. "అమ్మగారు ఒక మాట చెప్పారు. ఉప్పు వీధి తాళ్లు కోసెయ్యమన్నారు. ఇప్పుడే. అందరి ముందూ చెప్పమన్నారు."

చప్టా మీద నవ్వులు ఆగాయి. గెంజో మొహం ఎర్రబడింది. తర్వాత జనాన్ని చూశాడు. మూడు దీవులవాళ్లూ చూస్తున్నారు, తల్లి మాట వింటాడా లేదా అని. "పదేళ్ల తర్వాత వీధి మొహం చూసింది, రాగానే పెత్తనం!" అని నవ్వేసి, బంటు వైపు చెయ్యి ఊపాడు. శంఖం రెండుసార్లు మోగింది.

మినే చూడలేదు. విన్నది. కింద ఎక్కడో తలుపులు తెరుచుకున్నాయి, ఒకటి, రెండు, పది. తర్వాత మెట్లమీద చెప్పుల్లేని కాళ్లు, బోలెడు చిన్న కాళ్లు, పరిగెత్తుకొస్తున్న చప్పుడు. అదే సమయంలో జనం "అదిగో అమ్మవారు!" అని ఒక్కసారిగా అరిచారు. డోళ్లు మోగాయి. పడవ కొంగరాయి చుట్టూ ఒకసారి తిరిగింది. రెండుసార్లు తిరిగింది. మూడుసార్లు తిరిగింది. అంతసేపూ మినే పీట దింపకుండా, గుడి గోడకేసి చూస్తూ నిలబడింది.

గెంజో తల్లికి స్వయంగా టీ గిన్నె తెచ్చాడు. మినే వెనక్కి వెళ్లాడు. వంగి టోపీ కిందికి చూశాడు.

గిన్నె పడలేదు. పట్టుకునే ఉన్నాడు. టీ మాత్రం అంతా ఒలికిపోయింది.

ఒక పిల్ల చేతిలోంచి బియ్యప్పిండి ఉండ దొర్లుకుంటూ మెట్లు దిగింది. అందరూ దాన్నే చూశారు, ఇంకోవైపు చూడ్డానికి ధైర్యం చాలక.

"ఎప్పుడు?" అన్నాడు గెంజో.

"నూట పదమూడో మెట్టు మీద అయ్యగారూ."

"ఆ మాట ఎప్పుడు చెప్పింది?"

"నూరో మెట్టు మీద. బతికుండగానే చెప్పారు."

"ముప్పై ఏడు మెట్లు... మా అమ్మ శవాన్ని అమ్మవారి ముందుకి మోసుకొచ్చావు."

"పైదాకా అని మాటిచ్చానండీ."

బంటు గెంజో చెవిలో గొణిగాడు. "అయ్యా, నిద్రపోతున్నారని చెప్పి ఇంటికి తీసుకెళ్లాక..."

"నోర్ముయ్," అన్నాడు గెంజో. అతను కఠినుడు గానీ దొంగ కాదు. "మా వీధికి తాళ్లు కట్టండి. మూడు పండగలు. మా గుమ్మానికే ముందు కట్టండి. ఈ మనిషి బతికున్నంతకాలం ఈ మెట్లెక్కకూడదు."

జనం కొయ్యబారిపోయారు. ఊళ్లో అందరికంటే పెద్ద వీధికి తాళ్లు! వీపుమీంచి పీట దింపించుకుని, మినే నేలకి నుదురు ఆనించి వంగింది. ఆ వంగిన తల ఎత్తకుండానే వెదురుతోపు దారిన దిగిపోయింది. వీపు వెనక కొంగరాయి అలాగే ఉంది.

ఆ తర్వాత మినే మెట్ల కింద గడ్డి చెప్పులు అల్లుకుంటూ బతికింది. దిగొచ్చినవాళ్లని అడిగేది, "ఏం కనిపించింది?" అని. గెంజో మొదటి పండగ మూసిన తలుపుల వెనక కూర్చున్నాడు, డోళ్లు విన్నాడు. రెండో పండగ మూసిన తలుపుల వెనక కూర్చున్నాడు, జనం కేకలు విన్నాడు. మూడో పండగ పొద్దున తలుపు వెనకనుంచి బంటు గొంతు వినిపించింది.

"అయ్యా, ఆ మినే పోయింది. చెప్పులు అల్లుతూ అల్లుతూ పక్కకి ఒరిగిపోయిందట. మోసేవాళ్ల వీధికి తాళ్లు కట్టమంటారా?"

గెంజో లేచి తలుపు దగ్గరికొచ్చాడు. "ఆవిడ పండగ చూసిందా ఎప్పుడైనా?"

"ముప్పై ఏళ్లు ఎక్కింది కదండీ, చూడకేం?"

బంటుతో వచ్చిన మోసేవాళ్ల పెద్ద కసుకె అడ్డొచ్చాడు. "చూడలేదండీ. మోసేవాళ్లకి మెట్లే కనిపిస్తాయి."

లోపల్నించి తలుపు మీద ఒక్క దెబ్బ పడింది. గడ్డితాడు తెగింది. రేవు పెద్ద బయటికొచ్చాడు.

శంఖం రెండుసార్లు ఊదించాడు. ఊరిలో ఏ వీధికీ తాడు లేకుండా కోయించాడు. మెట్ల కిందికి నడిచాడు. చనిపోయిన మినేని వీపుపీట మీద కూర్చోబెట్టించి, నడుముకి గుడ్డ కట్టించి, పీటని తన వీపుకి బిగించుకున్నాడు. పండగరోజు, పట్టపగలు, మూడు దీవుల జనం చూస్తుండగా. ఆడవాళ్లు నోళ్లమీద చేతులు పెట్టుకున్నారు. పూజారి మెట్లకి అడ్డంగా రెండు చేతులూ చాపి, గెంజో మొహం చూసి, చేతులు దింపుకున్నాడు.

మెట్టు, మెట్టు, ఇంకో మెట్టు. మొదటి చప్టా దగ్గర గెంజో ఆగాడు. కసుకె తన చెవిలో చెప్పిన మాటే అడిగాడు.

"మినే, ఏం కనిపిస్తోంది?"

ఎవరు జవాబు చెబుతారు? అప్పుడు ఉప్పు వీధి పిల్ల ఒకతె వెనక్కి తిరిగి చూసి, సన్నటి గొంతుతో చెప్పింది. "రేవు కనిపిస్తోంది. ఓడలు తొమ్మిది."

రెండో చప్టా దగ్గర మళ్లీ అడిగాడు. ఈసారి పదిమంది తిరిగారు. "ఊరు కనిపిస్తోంది. తలుపులన్నీ తీసున్నాయి."

మూడో చప్టా దగ్గర మళ్లీ అడిగాడు. మెట్ల మీదున్న జనమంతా ఒక్కసారి సముద్రం వైపు తిరిగారు. కొండ అదిరేలా అరిచారు. "కొంగరాయి కనిపిస్తోంది! అమ్మవారు తిరుగుతోంది!"

గెంజో ఒక్కడే తిరగలేదు. బరువు దింపేదాకా తిరగకూడదు. మూడు ప్రదక్షిణలూ అయ్యేదాకా పీట దింపలేదు, మినే మొహం సముద్రం వైపే ఉంచాడు. తర్వాత ఎవరో అడిగారు, "అయ్యా, మీకేం కనిపించింది?" అని.

"మెట్లు," అన్నాడు.

ఈ రోజుకీ నమికురలో పండగనాడు ఏ తలుపూ మూయరు. ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్లని మూడో చప్టా మీద ముందు వరసలో నిలబెడతారు. అమ్మవారి పడవ కదిలే ముందు ఒక ఖాళీ వీపుపీట మెట్లెక్కుతుంది. ఎవరు రేవు పెద్ద అయితే వాళ్లే మోయాలి. మూడు చప్టాల దగ్గరా ఆగి, వెనక్కి తిరగకుండా, "మినే, ఏం కనిపిస్తోంది?" అని అడుగుతారు. మొదటిసారి పండగ చూడొచ్చిన పై ఊరివాళ్లు ఖాళీ పీటతో మాట్లాడ్డం చూసి హడలిపోతారు. అంతలో చుట్టూ ఉన్న జనమంతా గిరుక్కున తిరిగి అరుస్తారు. పై ఊరివాళ్లు కూడా ఉలిక్కిపడి తిరుగుతారు.

తిరిగాక వాళ్లకీ కనిపిస్తుంది. వాళ్లూ చెబుతారు.